రెండు జాతకాలు కలిపి ఒకే చక్రం వేయడం ఎలా?

పెళ్లి మాటలు మొదలవగానే విజయవాడలోనైనా గుంటూరులోనైనా ముందు చూసేది గుణాలే. 36కి కనీసం 18 రావాలంటారు. ఆ లెక్కంతా చంద్రుడున్న నక్షత్రం, రాశి మీదే నడుస్తుంది. మిగతా గ్రహాలనూ కలుపుకుని ఆ బంధానికే ఒక చక్రం వేసే పద్ధతులు పాశ్చాత్య జ్యోతిషంలో ప్రధానంగా రెండున్నాయి: మధ్యబిందు చక్రం, డేవిసన్ చక్రం. పొంతనకు బదులుగా వీటిని వాడకండి. ఇద్దరి జాతకాలూ విడివిడిగా చదివాకే ఇటు రావాలి.

ముందు అయనాంశ, అంటే పాశ్చాత్య రాశిచక్రం మొదలుకూ మన రాశిచక్రం మొదలుకూ మధ్య ఉండే డిగ్రీల తేడా, చూసుకోండి. దాన్ని లెక్కించే పద్ధతులు ఒకటి కంటే ఎక్కువ. ఒకరిది లాహిరితో, ఇంకొకరిది రామన్ అయనాంశతో వేసి ఉంటే రెంటికీ దాదాపు ఒకటిన్నర డిగ్రీ తేడా ఉంటుంది. మధ్యబిందువులన్నీ ముప్పావు డిగ్రీ జరుగుతాయి, అంచున ఉన్న గ్రహానికి రాశే మారిపోతుంది. పాత చేతిరాత జాతకాలను పక్కన పెట్టి, రెండూ లాహిరితో కొత్తగా వేయించండి.

మధ్యబిందు చక్రంలో ఇద్దరి రవి స్ఫుటాలు (రాశిచక్రంలో గ్రహం ఉన్న డిగ్రీలు) కూడి సగం చేస్తాం, చంద్రుడికీ కుజుడికీ అలాగే. స్ఫుటాన్ని మేషాది నుంచి 360 డిగ్రీల్లో తీసుకోవాలి. అబ్బాయి 14 ఆగస్టు 1991 రాత్రి 9:40కి విజయవాడలో, అమ్మాయి 12 మార్చి 1994 ఉదయం 6:20కి గుంటూరులో పుట్టారనుకోండి. అబ్బాయి రవి సుమారు 118 డిగ్రీలు, అమ్మాయి రవి 327. సగటు 222.5, అంటే వృశ్చికం. అక్కడ ఆగితే తప్పే. తేడా 209, అది 180 దాటింది కాబట్టి సగటుకు 180 కలిపి 360 తీసేయాలి. 42.5 వస్తుంది, అంటే వృషభం, రోహిణి. చేత్తో వేసేవాళ్లు ఎక్కువగా తప్పేది ఈ మెట్టు దగ్గరే.

బుధ శుక్రులను మళ్లీ సరిచూడండి. ఆకాశంలో బుధుడు రవికి 28 డిగ్రీలు, శుక్రుడు 48 డిగ్రీలు మించి దూరం పోరు. మీ చక్రంలో శుక్రుడు రవికి ఎదురుగా పడితే, దానికి సరిగ్గా 180 డిగ్రీల అవతల, రవికి దగ్గరగా ఉండే రెండో మధ్యబిందువు తీసుకోవడం మంచిది. రాహువును లెక్కించి కేతువును సరిగ్గా ఎదురుగా పెట్టండి. లగ్నానికి రెండు లగ్నాల మధ్యబిందువు చాలు. ఈ చక్రం ఏ రోజు ఆకాశానిదీ కాదు కనుక దీనిలో వక్రం (గ్రహం వెనక్కి నడవడం) రాయకండి, దశలు కట్టకండి.

డేవిసన్ చక్రం అలా కాదు. రెండు జన్మ సమయాల సరిగ్గా నడిమి క్షణానికి, రెండు ఊళ్ల నడిమి చోటుకు వేసే నిజమైన చక్రమిది. పై జంటకు మధ్య కాలం 940 రోజుల 8 గంటల 40 నిమిషాలు. అందులో సగం, 470 రోజుల 4 గంటల 20 నిమిషాలు, అబ్బాయి జన్మ సమయానికి కలిపితే 27 నవంబరు 1992 తెల్లవారుజామున 2:00. అక్షాంశాలు 16°30′, 16°18′ కలిపి సగం చేస్తే 16°24′. రేఖాంశాలు 80°38′, 80°26′ నుంచి 80°32′. ఆ చోటు మంగళగిరి దగ్గర పడుతుంది. ఇక మామూలు జాతకంలాగే వేయించవచ్చు, తిథి, నక్షత్రం, దశ అన్నీ వస్తాయి.

ఇందులో రవి వృశ్చికం 11 డిగ్రీల దగ్గరుంటాడు, అంటే మధ్యబిందు చక్రంలోని రవికి దాదాపు ఎదురుగా. రెండూ సరైన లెక్కలే. అందుకే ఏ పద్ధతో ముందే తేల్చుకోండి, ఫలితం చూశాక నచ్చినది ఏరుకోవడం శాస్త్రానికి అన్యాయం.

సంబంధం అమెరికాలో పుట్టిన అబ్బాయిదైతే, అక్కడ వేసవిలో గడియారం గంట ముందుకు జరిపారేమో చూసి, రెండు సమయాలనూ గ్రీనిచ్ కాలంలోకి మార్చాకే సగం చేయాలి. మన సమయంలోంచి 5:30 తీసేస్తే చాలు. జన్మ సమయంలో అరగంట అనుమానం ఉంటే డేవిసన్ సమయం పావుగంట, లగ్నం సుమారు నాలుగు డిగ్రీలు కదులుతాయి. అలాంటప్పుడు లగ్నం నుంచి లెక్కించే భావాల (పన్నెండు స్థానాల) జోలికి పోకుండా గ్రహాల పరస్పర దృష్టులే చదవండి.