ఓఎస్ ల్యాబ్ ఎక్స్‌టర్నల్‌కి ముందు: సెమాఫోర్ ప్రోగ్రాం దగ్గర తీసుకోవాల్సిన జాగ్రత్తలు

విశాఖలో మధురవాడ వైపు కాలేజీ అయినా, గాజువాక వైపు కాలేజీ అయినా, ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్స్) ల్యాబ్ పరీక్షలో సెమాఫోర్ (ప్రాసెస్‌లు, అంటే నడుస్తున్న ప్రోగ్రాంలు, వంతులవారీగా లోపలికి వెళ్లేలా చూసే ఒక లెక్క) ప్రశ్న పడితే వచ్చే చిక్కు ఒక్కలాగే ఉంటుంది. ప్రోగ్రాం కంపైల్ అవుతుంది. ఎర్రర్ ఉండదు. రన్ చేస్తే మాత్రం కర్సర్ మెరుస్తూ అక్కడే ఉండిపోతుంది. నిన్న పనిచేసిన కోడ్ ఇవాళ ఎందుకు ఆగిందో తెలియక, గాభరాలో లాజిక్ అంతా తిరగరాస్తారు. దయచేసి ఆ పని చేయకండి. నిన్న నడిచిన కోడ్ ఇవాళ ఆగిందంటే ముందు అనుమానించాల్సింది సెమాఫోర్ విలువని: ఎంత దగ్గర మొదలైంది, కిందటిసారి ఎంత దగ్గర మిగిలిపోయింది.

పాత సెమాఫోర్ ఇంకా బతికే ఉంటుంది

సెమ్_ఓపెన్‌తో పేరు పెట్టి తయారుచేసిన సెమాఫోర్ మీ ప్రోగ్రాంతో పాటు చచ్చిపోదు. లినక్స్‌లో అది /డెవ్/ఎస్‌హెచ్‌ఎం అనే డైరెక్టరీలో, పేరుకు ముందు ‘సెమ్.’ తగిలించుకుని చిన్న ఫైలుగా ఉంటుంది. విలువ 1తో మొదలుపెట్టారనుకోండి. ఒక ప్రాసెస్ సెమ్_వెయిట్ (విలువను ఒకటి తగ్గించేది, 0 ఉంటే ఆపి ఉంచేది) దాటి లోపలికి వెళ్లింది, విలువ 0 అయింది, సరిగ్గా అప్పుడు మీరు కంట్రోల్-సీ కొట్టారు. సెమ్_పోస్ట్ చేసి విలువను తిరిగి పెంచేవాళ్లు ఇక లేరు. మళ్లీ రన్ చేస్తే, ఓ_క్రియేట్ (లేకపోతే తయారుచెయ్యి అనే ఫ్లాగ్) ఇచ్చి ప్రారంభ విలువ 1 అని స్పష్టంగా రాసినా సరే, ఆ పేరుతో సెమాఫోర్ ముందే ఉంది కాబట్టి సిస్టం ఆ 1ని పక్కన పడేస్తుంది. పాత 0తోనే మొదలై, మొట్టమొదటి సెమ్_వెయిట్ దగ్గరే ఆగిపోతుంది.

మెషీన్ రీస్టార్ట్ చేస్తే బాగైపోవడానికి కారణం కూడా ఇదే. ఆ డైరెక్టరీ ఉండేది మెమరీలో, డిస్కు మీద కాదు. కరెంటు పోయి వచ్చాక దానంతటదే సర్దుకుందని ఊరుకుంటే, పరీక్షరోజు అందరూ ఒకే సర్వర్‌లోకి లాగిన్ అయినప్పుడు దొరికిపోతారు. దాన్ని మీకోసం ఎవరూ రీస్టార్ట్ చెయ్యరు.

అందుకని మెయిన్‌లో ఫోర్క్ (పిల్ల ప్రాసెస్‌ని పుట్టించేది) కంటే ముందే సెమ్_అన్‌లింక్ (పాత పేరును చెరిపేది) పిలవండి. ఆ వెంటనే ఓ_క్రియేట్, ఓ_ఎక్స్‌క్లూజివ్ (ముందే ఉంటే ఫెయిల్ అవ్వు అనే ఫ్లాగ్) రెండూ కలిపి సెమ్_ఓపెన్ చెయ్యండి. పర్మిషన్ 0600 (మీ అకౌంట్‌కి మాత్రమే) చాలు. పిల్ల ప్రాసెస్‌లన్నీ ముగిసేదాకా పేరెంట్ ఆగి, చివర మళ్లీ అన్‌లింక్ చెయ్యాలి. ప్రొడ్యూసర్ (బఫర్‌లో సరుకు పెట్టేది), కన్స్యూమర్ (అందులోంచి తీసుకునేది) రెండు వేర్వేరు ప్రోగ్రాంలైతే మొదట నడిచేదే అన్‌లింక్ చెయ్యాలి. రెండోది కూడా చేసి కొత్తగా తయారుచేసుకుంటే, ఒకే పేరుతో రెండు వేరు సెమాఫోర్లు పుడతాయి. ఎవరి దానిమీద వాళ్లు కాచుకుని కూర్చుంటారు.

పేరు విషయంలోనూ జాగ్రత్త. మాన్యువల్‌లో ఉన్న పేరే అందరూ కొడితే, ఒకే యూజర్ అకౌంట్ వాడే ల్యాబ్‌లో పక్క బెంచీవాళ్ల సెమాఫోర్ మీదే మీరూ నడుస్తారు. మీ అన్‌లింక్ వాళ్లదాన్ని చెరిపేస్తుంది. వేర్వేరు అకౌంట్లయితే పర్మిషన్ లేక సెమ్_ఓపెన్ ఫెయిల్ అవుతుంది. దాని రిటర్న్ విలువను సెమ్_ఫెయిల్డ్‌తో పోల్చి చూసుకోకపోతే, తర్వాతి సెమ్_వెయిట్ దగ్గర సెగ్మెంటేషన్ ఫాల్ట్ వస్తుంది. పేరు స్లాష్‌తో మొదలుపెట్టి, వెనక మీ రోల్ నంబర్ చివరి అంకెలు పెట్టండి.

సిస్టం ఫైవ్ అనే పాత పద్ధతిలో సెమ్‌గెట్ వాడేవాళ్లకూ ఇదే బెడద. ఐపీసీఎస్ -ఎస్ కొడితే మిగిలిపోయినవి కనిపిస్తాయి, ఐపీసీఆర్ఎం -ఎస్ పక్కన ఐడీ ఇస్తే పోతాయి. ప్రారంభ విలువను సెమ్‌సీటీఎల్‌తో మీరే పెట్టాలి. వెయిట్, పోస్ట్ చేసే సెమ్‌ఆప్‌లో సెమ్_అన్‌డూ ఫ్లాగ్ ఇస్తే, ప్రాసెస్ మధ్యలో చచ్చిపోయినా అది తీసుకున్నది కెర్నల్ తిరిగి ఇచ్చేస్తుంది. పోసిక్స్ సెమాఫోర్లలో (పైన చెప్పిన సెమ్_ఓపెన్ లాంటివి) ఈ సదుపాయం లేదు.

ఫోర్క్ చేశాక ఎవరి కాపీ వాళ్లది

ఇది మరీ ప్రమాదం, ఎందుకంటే ప్రోగ్రాం ఆగదు, తప్పు జవాబు ఇస్తుంది. సెమాఫోర్‌ను గ్లోబల్ వేరియబుల్‌గా పెట్టి సెమ్_ఇనిట్ (పేరు లేని సెమాఫోర్‌కి విలువ పెట్టేది) చేసి ఫోర్క్ చేస్తే, పేరెంట్‌కి ఒకటి, పిల్లకి ఒకటి అవుతాయి. సెమ్_ఇనిట్ రెండో ఆర్గ్యుమెంట్ (ప్రాసెస్‌ల మధ్య పంచుకోవాలని చెప్పేది) 1 ఇచ్చినంత మాత్రాన సరిపోదు. సెమాఫోరూ, దానితో కాపాడుకునే కౌంటరూ రెండూ ఎంమ్యాప్‌తో షేర్డ్‌గా తీసుకున్న మెమరీలో ఉండాలి.

పరీక్షించుకోవడం తేలికే. రెండు పిల్ల ప్రాసెస్‌లు, ఒక్కొక్కటి కౌంటర్‌ని లక్షసార్లు పెంచాలి. జవాబు 200000 రావాలి. తర్వాత వెయిట్, పోస్ట్ లైన్లు కామెంట్ చేసి చూడండి, సాధారణంగా తక్కువ వస్తుంది. లూప్ 10సార్లే తిప్పితే సెమాఫోర్ లేకపోయినా జవాబు సరిగ్గానే వచ్చి మిమ్మల్ని మోసం చేస్తుంది. ఇంట్లో మ్యాక్ ఉన్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి: అక్కడ సెమ్_ఇనిట్ పనిచేయదు, సెమ్_ఓపెన్ ఒక్కటే దారి.

కాలువలో ఆగిన ఓడ

ప్రొడ్యూసర్ కన్స్యూమర్‌లో మూడు సెమాఫోర్లు: ఎంప్టీ (ఖాళీ చోట్లు) 5, ఫుల్ (నిండిన చోట్లు) 0, మ్యూటెక్స్ (ఒకసారికి ఒక్కరే) 1. ఇక్కడ 5 అంటే బఫర్ సైజు. వెయిట్‌ల వరసలోనే అసలు గొడవ.

మన పోర్టునే తలచుకోండి. ఆర్కే బీచ్‌లో నిలబడితే దూరంగా లంగరేసి ఉన్న ఓడలు కనిపిస్తాయి. ఇన్నర్ హార్బర్‌లోకి పోవాలంటే డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కన ఇరుకు కాలువ దాటాలి. బెర్త్‌లు ఎంప్టీ సెమాఫోర్, కాలువ మ్యూటెక్స్ అనుకోండి. బెర్త్ ఖాళీ ఉందో లేదో చూడకుండా ఒక ఓడ కాలువలోకి దూరిందంటే? లోపల అన్నీ నిండి ఉన్నాయి, అది కాలువలోనే ఆగింది. బెర్త్ ఖాళీ చేసి బయటికి రావాల్సిన ఓడకు దారి లేదు. ఇక రెండూ కదలవు.

కోడ్‌లో ప్రొడ్యూసర్ ముందు మ్యూటెక్స్ మీద, తర్వాత ఎంప్టీ మీద వెయిట్ చేస్తే జరిగేది ఇదే. బఫర్ నిండింది: ఎంప్టీ 0, ఫుల్ 5. ప్రొడ్యూసర్ మ్యూటెక్స్ తీసుకుని ఎంప్టీ కోసం నిద్రపోయింది. కన్స్యూమర్ ఫుల్ దాటింది, అది 4 అయింది, మ్యూటెక్స్ దగ్గర ఆగింది. ఒకరికోసం ఒకరు కాచుకుని ఇద్దరూ ఆగిపోవడం, అదే డెడ్‌లాక్. కాబట్టి ముందు ఎంప్టీ, ఆ తర్వాతే మ్యూటెక్స్. కన్స్యూమర్‌లో ముందు ఫుల్, తర్వాత మ్యూటెక్స్. పోస్ట్‌ల వరస తారుమారైతే డెడ్‌లాక్ రాదు.

వరస తప్పినా, బఫర్ నిండకుండా లేదా పూర్తిగా ఖాళీ కాకుండా ఉన్నంతసేపూ ప్రోగ్రాం చక్కగా నడుస్తుంది. అందుకే బఫర్ సైజు 2కి తగ్గించి, కన్స్యూమర్‌లో స్లీప్ 1 పెట్టి ఒకసారి, ప్రొడ్యూసర్‌లో పెట్టి ఒకసారి ముందురోజే నడిపి చూడండి. స్లీప్ క్రిటికల్ సెక్షన్ (మ్యూటెక్స్ వెయిట్‌కీ పోస్ట్‌కీ మధ్య భాగం) బయటే ఉండాలి.

పోర్టు పోలిక ఒకచోట తెగిపోతుంది, వైవాలో అడగడానికి వీలున్న చోటు కూడా అదే. మ్యూటెక్స్ లాక్‌ని (పైన వాడిన మ్యూటెక్స్ సెమాఫోర్ కాదు, విడిగా ఉండే లాక్) తీసుకున్నవాళ్లే వదలాలి. సెమాఫోర్‌కి యజమాని ఉండడు, వెయిట్ ఒకరు చేస్తే పోస్ట్ ఇంకొకరు చెయ్యొచ్చు. ఎంప్టీ మీద ప్రొడ్యూసర్ వెయిట్ చేస్తే కన్స్యూమర్ పోస్ట్ చేస్తుంది కదా. వెయిట్‌ని పీ అని, సిగ్నల్‌ని వీ అని పిలవడం డచ్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా నుంచి వచ్చింది.

పరీక్ష హాల్లో ఆగిపోతే

కంట్రోల్-జెడ్ నొక్కకండి. అది ప్రోగ్రాంని ఆపి ఉంచుతుందే తప్ప ముగించదు, సెమాఫోర్ దాని చేతిలోనే ఉండిపోతుంది. ఇప్పటికే నొక్కేసి ఉంటే జాబ్స్ కొట్టి చూసి కిల్ చెయ్యండి. లేదంటే రెండో టెర్మినల్ తెరిచి పీఎస్ ఏయూఎక్స్ కొట్టండి. మీ ప్రాసెస్‌లన్నీ ‘ఎస్’ స్థితిలో ఉంటే వెయిట్ దగ్గర నిద్రపోతున్నాయని అర్థం. ‘ఆర్’ చూపిస్తూ సీపీయూ వంద శాతం దగ్గర ఉంటే అది సెమాఫోర్ తప్పు కాదు, మీ లూప్ ఆగడంలేదు. నిద్రలో ఉన్నవాటిని చంపి, /డెవ్/ఎస్‌హెచ్‌ఎంలో మీ రోల్ నంబర్ ఉన్న ఫైళ్లు మాత్రమే తీసేసి, మళ్లీ రన్ చెయ్యండి. అప్పుడూ ఆగితే మొదటి వెయిట్‌కి ముందు సెమ్_గెట్‌వాల్యూతో విలువ ప్రింట్ చేయించండి. ఆ ప్రింట్ చివర కొత్త లైన్ గుర్తు మరిచిపోతే అక్షరాలు బఫర్‌లోనే ఉండిపోయి తెరమీద ఏమీ కనిపించదు. విలువ 1 రావాల్సినచోట 1 వస్తేనే, అప్పుడు లాజిక్ తెరిచి వెయిట్‌ల వరస చూడండి.