మోటర్‌హోమ్ నడుపుతూ ఎదుటి బండికి చెయ్యెత్తడం ఎలా?

బ్రిటన్‌లో మోటర్‌హోమ్, అంటే లోపలే ఇల్లులా అమర్చిన పెద్ద బండి, అద్దెకిచ్చేవాళ్లు తాళాలు చేతిలో పెట్టేముందు గ్యాస్ సిలిండర్, నీళ్ల ట్యాంకు, టాయిలెట్ క్యాసెట్ (తీసుకెళ్లి పారబోసే పెట్టె), కరెంటు కేబులు అన్నీ ఓపికగా చూపిస్తారు. ఎదురుగా ఇంకో మోటర్‌హోమ్ వస్తే చెయ్యెత్తడం అక్కడి ఆనవాయితీ అని మాత్రం ఎవరూ చెప్పరు. దాంతో కొత్తగా నడిపేవాళ్లలో కొందరు బిగుసుకుని కూర్చుంటారు, కొందరు పెళ్లి ఊరేగింపులో లాగా కనిపించిన ప్రతి వ్యానుకూ రెండు చేతులూ ఊపేస్తారు. రెండూ తప్పే. పద్ధతి ఇది.

1. కావలసినవి

ఒక చెయ్యి, తుడిచిన అద్దం. డాష్‌బోర్డు మీద పరిచిన మ్యాపులు, చిప్స్ ప్యాకెట్లు, పిల్లల బొమ్మలు తీసేయండి. అవి విండ్‌స్క్రీన్‌లో ప్రతిఫలించి మీ చెయ్యి బయటికి కనబడనివ్వవు. ఫోన్ హోల్డరు అద్దం మధ్యలో ఉంటే పక్కకి జరపండి. సామగ్రి అంతే.

2. ఎవరికి?

మోటర్‌హోముకి మోటర్‌హోమ్, క్యాంపర్‌వ్యానుకి (మామూలు వ్యానులోనే పడకా వంటా అమర్చింది) క్యాంపర్‌వ్యాన్. ఈ రెండు జాతులూ ఒకదానికొకటి చెయ్యెత్తుకోవచ్చు, ఎత్తుకోవాలి కూడా. కారు వెనక కారవాన్, అంటే ఇంజన్ లేని చక్రాల ఇల్లు, తగిలించుకుని వచ్చేవాళ్లది వేరే లోకం. మీరు ఎత్తితే తిరిగి ఎత్తేవాళ్లు ఎత్తుతారు, లేకపోతే లేదు, మనసులో పెట్టుకోకండి. పాత ఫోక్స్‌వాగన్ క్యాంపర్లవాళ్లు ముందు తమలో తాము పలకరించుకుంటారు, తరవాతే మిగతావాళ్లు.

చిక్కంతా ఫియట్ డ్యుకాటో అనే వ్యానుతో. దాని బాడీ, పెజో బాక్సర్ బాడీ, సిట్రోయెన్ రిలే బాడీ దాదాపు ఒకటే. వీటితో క్యాంపర్లూ కడతారు, పార్సిళ్లూ మోస్తారు. దూరం నుంచి ముక్కు చూసి చెయ్యెత్తితే, వచ్చేది ప్లంబర్ వ్యాన్ కావచ్చు. ముక్కు కాదు, కప్పు చూడండి. కప్పు అంచున పొడుగ్గా ఆనింగ్ (నీడ కోసం బయటికి లాగే గుడ్డ) పెట్టె, పైన సోలార్ పలక, రూఫ్‌లైటు గడ్డలు, పక్కన కిటికీలు ఉంటే అది మనవాళ్లదే. పొరపాటున ప్లంబరుకి ఎత్తేసినా నష్టమేం లేదు.

అద్దె కంపెనీ పేరు పెద్ద అక్షరాల్లో రాసి ఉన్న బళ్లకి కొందరు సొంతదారులు చెయ్యెత్తరు. అది వాళ్ల చిన్నతనం. మీరు అద్దె బండిలో ఉన్నా ముందుగా మీరే ఎత్తండి. జవాబు రాకపోతే అవతలివాళ్లు గేరు మారుస్తున్నారనుకోండి.

ఒక్క మినహాయింపు ఉంది. జులై, ఆగస్టుల్లో స్కాట్లాండ్‌లోని స్కై ద్వీపం లాంటి చోట్ల ఎటు చూసినా క్యాంపర్లే. ప్రతిదానికీ ఎత్తుతూ పోతే స్టీరింగ్ పట్టుకునే తీరిక ఉండదు. అలాంటి రద్దీలో రెండు లేన్ల రోడ్డు మీద పలకరింపులు మానేసి, ఒక్క బండే పట్టే సింగిల్ ట్రాక్ రోడ్డు కోసం దాచుకోండి.

3. ఎప్పుడు?

మామూలు రెండు లేన్ల రోడ్డు మీద మీరు గంటకి 50 మైళ్లలో, అంటే 80 కిలోమీటర్లలో, వెళ్తున్నారు. ఎదుటి బండీ అంతే. ఇద్దరి మధ్య దూరం సెకనుకి దాదాపు 45 మీటర్ల చొప్పున తరిగిపోతుంది. వంద మీటర్ల దూరంలో చెయ్యెత్తితే మీకున్నది రెండు సెకన్లు. కాబట్టి రెండు వందల మీటర్ల దగ్గరే పోల్చుకోవాలి, నూట యాభై దగ్గర ఎత్తాలి, బండి మీ పక్కకి రాకముందే దించేయాలి. పక్కకి వచ్చాక ఎత్తే చెయ్యి ఎవరికీ కనబడదు.

బ్రిటన్ బండిలో స్టీరింగ్ కుడివైపు, గేరు ఎడమచేతికి. చెయ్యెత్తాల్సింది కుడిచేత్తో, ఎదుటివాళ్లకి దగ్గరగా ఉండేది అదే. బొటనవేలు స్టీరింగ్ మీదే ఉంచి మిగతా వేళ్లు పైకి లేపితే చాలు. మొత్తం చెయ్యి తీసి అటూ ఇటూ ఊపడం అనవసరం. గేరు మారుస్తున్నప్పుడు అసలే వద్దు, ఎందుకంటే ఆ క్షణంలో స్టీరింగ్ మీద ఉన్నది ఆ కుడిచెయ్యి ఒక్కటే.

మలుపులో, రౌండెబౌట్‌లో, ఊళ్లో, మోటర్‌వే మీద చెయ్యెత్తకండి. ఎదుటి మోటర్‌హోముకి ముందు పెద్ద లారీ ఉన్నా ఎత్తకండి. ఎత్తయిన బండికి లారీ గాలి దెబ్బ బలంగా తగులుతుంది, అది బండిని మొదట పక్కకి నెట్టి, ఆ వెంటనే లోపలికి లాగుతుంది. అప్పుడు రెండు చేతులూ కావాలి.

4. సింగిల్ ట్రాక్ రోడ్డు

చాలామంది పాడుచేసేది ఇక్కడే. కాబట్టి నెమ్మదిగా చదవండి.

స్కాట్లాండ్ ఉత్తర తీరం చుట్టూ ఇన్వర్‌నెస్ నుంచి ఇన్వర్‌నెస్‌కి తిరిగే నార్త్ కోస్ట్ 500 అనే దారి ఉంది. 2015లో ఆ పేరుతో మొదలై, ఇప్పుడు మోటర్‌హోములకి పెద్ద తిరనాళ్లయింది. సుమారు 516 మైళ్లు. అందులో చాలాచోట్ల ఒక్క బండి పట్టేంత రోడ్డు, మధ్యమధ్య రోడ్డు వెడల్పు చేసి ‘పాసింగ్ ప్లేస్’ అని బోర్డు పెట్టిన జాగాలు. ఎదురుగా బండి వస్తే ఎవరో ఒకరు ఆ జాగాలో ఆగాలి. ఇక్కడ చెయ్యెత్తడం ముచ్చట కాదు, డ్రైవింగ్‌లో భాగం. ఆగినవాళ్లకి వెళ్లేవాళ్లు ఎత్తాలి, ఆగినవాళ్లు తిరిగి ఎత్తాలి. ఎదురొచ్చేది మోటర్‌హోమా, పోస్టు వ్యానా, ట్రాక్టరా అన్న లెక్క లేదు. అందరికీ, ప్రతిసారీ.

ముందు ఆగే చోటు. జాగా మీకు ఎడమవైపు ఉంటే అందులోకి వెళ్లి ఆగండి. కుడివైపు ఉంటే అందులోకి వెళ్లకూడదు. దానికి ఎదురుగా, మీ ఎడమ అంచునే రోడ్డు మీద ఆగాలి. అవతలి బండి ఆ జాగాలోంచి చుట్టి మిమ్మల్ని దాటుతుంది. బ్రిటన్ రోడ్డు నియమాల పుస్తకం హైవే కోడ్‌లో ఇదే ఉంది. మర్యాద అనుకుని కుడివైపు జాగాలోకి దూరేవాళ్లు ఎదుటివాళ్లకి అడ్డం పడతారు, ఇద్దరూ ముక్కూ ముక్కూ పెట్టుకుని నిలబడతారు.

ఎత్తు ఎక్కే బండికి వీలైనంతవరకు దారి వదలాలి. వెనక్కి వెళ్లాల్సి వస్తే జాగా ఎవరికి దగ్గరైతే వాళ్లు వెళ్లాలి. కానీ ఎదురుగా బస్సు, లారీ, కారవాన్ తగిలించిన కారు ఉంటే జాగా మీకు దూరమైనా మీరే వెళ్లండి. వెనక్కి వెళ్లేటప్పుడు పక్కసీటు మనిషి దిగి, డ్రైవరుకి సైడు అద్దంలో కనబడేచోట నిలబడి చెప్పాలి. మోటర్‌హోములో వెనక చక్రాల తరవాత కూడా బాడీ పొడుగ్గా మిగిలి ఉంటుంది. స్టీరింగ్ తిప్పితే ఆ తోక రెండోవైపుకి ఊగి గోడనో బోర్డునో రాస్తుంది. కెమెరా ఉంది కదా అని దిగకుండా కూర్చుంటే, కెమెరా వెనకే చూపిస్తుంది, మూలలు చూపించదు. జాగా లేనిచోట గడ్డి మీదకి దిగి దారి ఇద్దామనుకోకండి. ఆ గడ్డి కింద ఉండేది చాలాచోట్ల మెత్తటి పీట్ నేల. మూడున్నర టన్నుల బండి ఎడమ చక్రాలు దాంట్లో కూరుకుంటే ట్రాక్టరు రావాలి.

తరవాత లైట్లు. మన రోడ్ల మీద హెడ్‌లైట్ కొట్టామంటే ‘నేను వస్తున్నా, తప్పుకో’ అని. అక్కడ జనం ఎక్కువగా కొట్టేది ‘నువ్వు రా, నేను ఆగాను’ అని. హైదరాబాదులోనో విజయవాడలోనో నేర్చుకున్న చెయ్యి అలవాటుగా లైటు కొడుతుంది. ఎదుటివాడు ‘నన్ను రమ్మన్నారు’ అనుకుని వచ్చేస్తాడు. మీరూ వెళ్తారు. ఇద్దరి మధ్యా జాగా ఉండదు, అది వెనకపడిపోయి ఉంటుంది. హైవే కోడ్ ప్రకారం లైటు కొట్టడానికి ఒకే అర్థం, ‘నేను ఇక్కడ ఉన్నాను’. ఇన్ని అర్థాలున్న సంకేతాన్ని అసలు వాడకపోవడమే మేలు. జాగాలో ఆగండి, ఎడమ ఇండికేటర్ వెయ్యండి, కదలకండి. మీరు ఆగారని అవతలివాళ్లకి దానితోనే తెలుస్తుంది. హజార్డ్ లైట్లు వెయ్యకండి, బండి చెడిపోయిందనుకుంటారు. హారన్ సంగతి చెప్పక్కర్లేదు. మన దగ్గర పక్కకి తప్పుకోమని కొట్టే హారన్ అక్కడ తిట్టుతో సమానం.

ఇక వేళ్లు. స్టీరింగ్ పట్టుకున్న చేతి వేళ్లు పైకి లేపితే ఎదుటివాళ్లకి కనబడేది అరచెయ్యి కాదు, చేతి వెనకభాగం. బ్రిటన్‌లో చేతి వెనకభాగం చూపిస్తూ చూపుడువేలు, నడిమివేలు లేపడం పచ్చి బూతు. ఫోక్స్‌వాగన్ జనాలు రెండు వేళ్లు చూపించుకోవడం చూసి చాలామంది స్టీరింగ్ మీంచే రెండు వేళ్లు లేపుతారు. ఫోక్స్‌వాగన్ వాళ్లు చూపేది అరచెయ్యి ఎదుటికి తిప్పి. మీరు స్టీరింగ్ మీంచి లేపేది తిట్టు. కాబట్టి లేపితే నాలుగు వేళ్లూ లేపండి, లేదంటే చూపుడువేలు ఒక్కటే. రెండు మాత్రం ఎప్పుడూ వద్దు. ఆ కొండప్రాంతాల్లో ఊళ్లవాళ్లు ఎక్కువగా చూపుడువేలే లేపుతారు, అదీ రెండంగుళాలకి మించదు. మన కొత్తవాళ్లు అది గమనించక, జవాబివ్వలేదని నొచ్చుకుంటారు.

మొదటి బండి దాటగానే బయల్దేరకండి, దాని వెనక ఇంకోటి ఉంటుంది. ఆగినవాళ్లు వరసగా అందరికీ చెయ్యెత్తాలి, విసుగ్గా ఉన్నా సరే. రెండు మూడు కుటుంబాలు రెండు మూడు వ్యాన్లు తీసుకుని వెళ్తుంటే వాటిని అంటుకుని నడపకండి. ఒక జాగాలో మామూలుగా పెద్ద బండి ఒక్కటి, మహా అయితే దాని వెనక కారు పడుతుంది. మీ మూడు బళ్లు ఒకేసారి ఎదురైతే అవతలివాళ్లు ఎక్కడికి పోవాలి? ఒకదానికొకటి కనీసం రెండు జాగాల దూరం ఉంచండి.

వెనక నుంచి వచ్చేవాళ్లని మర్చిపోతారు. మీరు కొండలు చూస్తూ ఇరవై మైళ్ల వేగంలో వెళ్తుంటే వెనకున్న నర్సు డ్యూటీకి వెళ్తోంది. అద్దంలో బండి కనబడగానే ఎడమవైపు జాగాలోకి తప్పుకుని పోనివ్వండి. ఎదుటివాళ్లకి వందసార్లు చెయ్యెత్తి వెనకవాళ్లని పది మైళ్లు లాక్కెళ్లేవాళ్లంటేనే ఊళ్లవాళ్లకి ఒళ్లుమంట. ఆ జాగాల్లో ఫొటోలకి ఆగడం, వంట చేసుకోవడం, రాత్రి పడుకోవడం కూడా కూడదు. స్కాట్లాండ్‌లో ఎక్కడైనా గుడారం వేసుకోవచ్చు కదా అనేవాళ్లుంటారు. 2003 నాటి భూసంస్కరణ చట్టం ఇచ్చిన ఆ హక్కు నడిచి వెళ్లేవాళ్లకి, సైకిలువాళ్లకి. ఇంజన్ బండికి వర్తించదు.

ఆ దారిలోనే యాపిల్‌క్రాస్ అనే ఊరికి వెళ్లే బియాలక్ నా బా కనుమ 626 మీటర్ల ఎత్తు ఎక్కుతుంది. కొత్త డ్రైవర్లు, చాలా పెద్ద బళ్లు, కారవాన్లు వెళ్లొద్దని కింద బోర్డే ఉంటుంది. ఎంత మర్యాదగా చెయ్యెత్తినా అక్కడ ఏడు మీటర్ల బండికి జాగా దొరకదు. తీరం వెంబడి ఉన్న రెండో దారిలో వెళ్లండి.

5. సైటులో

బళ్లు ఆపుకుని రాత్రి ఉండే క్యాంప్‌సైటు లోపలికి రాగానే నడక వేగం. బయట కుర్చీల్లో కూర్చున్నవాళ్లకి ఒక్కసారి చెయ్యెత్తి మీ పిచ్‌కి, అంటే మీకిచ్చిన స్థలానికి, వెళ్లిపోండి. బళ్ల మధ్య ఆరు మీటర్లు ఉంచమంటారు. అది మంటలు అంటుకోకుండా పెట్టిన లెక్క, బేరాలు వద్దు. ఇంకొకళ్ల పిచ్ మీదుగా అడ్డదారిన నడవకండి, టాయిలెట్‌కి అది దగ్గర దారైనా సరే.

చక్రాల కింద ర్యాంపులు పెట్టి బండి మట్టం చేసుకుంటున్నవాళ్లని పలకరించకండి, అడగకుండా ‘రా, రా, ఆపు’ అని సైగలు చెయ్యకండి. వాళ్లు కేబుల్ తగిలించి కెటిల్ పెట్టాకే మాట. టాయిలెట్ క్యాసెట్ మోసుకెళ్లే మనిషిని ఎప్పుడూ ఆపకూడదు. నిండిన క్యాసెట్ ఇరవై కిలోల దాకా ఉంటుంది, వాసన సరేసరి. తల ఊపి వదిలేయండి, తిరిగి వచ్చేటప్పుడు మాట్లాడొచ్చు.

మాటలు వాతావరణంతో మొదలుపెట్టి రోడ్ల మీదకి తేవాలి. బండి ఎంతకి కొన్నారు, ఉద్యోగం ఏంటి, పిల్లలెందరు అని మొదటి అయిదు నిమిషాల్లో అడగకండి. కిటికీ తెరలు దించి ఉంటే తలుపు తట్టకండి. ఎండుమిర్చి పోపు వేసేముందు రూఫ్‌లైటు తెరవండి, గాలి ఎటు పోతోందో చూడండి. ఆ ఘాటుకి మీ బండిలో పొగ అలారం మోగుతుంది, పక్కవాళ్లు దగ్గుతూ బయటికొస్తారు. సైటు నిశ్శబ్ద వేళలు గేటు దగ్గర రాసి ఉంటాయి, సాధారణంగా రాత్రి పదిన్నర, పదకొండు నుంచి. స్లైడింగ్ తలుపున్న వ్యానైతే ఆ తరవాత తియ్యడం వెయ్యడం వీలైనంత తగ్గించండి. ఆ తలుపు చప్పుడు సైటంతా వినబడుతుంది.

6. ఇంగ్లిష్ ఛానల్ దాటాక

బ్రిటన్‌కీ ఫ్రాన్స్‌కీ మధ్య ఉన్న ఆ సముద్రం దాటితే ఫ్రాన్స్, జర్మనీల్లోనూ ఇదే ఆనవాయితీ. గ్రీసుకి వెళ్తే మాత్రం అయిదు వేళ్లూ విడదీసి అరచెయ్యి ఎదుటికి చూపించకండి, అక్కడ అది తిట్టు. వేళ్లు దగ్గరగా ఉంచి కొద్దిగా ఎత్తండి.

ఈ దేశాలన్నిటిలో రోడ్డుకి కుడివైపు నడపాలి, మీ బ్రిటన్ బండిలో స్టీరింగూ కుడివైపే. అంటే ఎదురుగా వచ్చేవాళ్లకి దగ్గరగా కూర్చునేది పక్కసీటు మనిషి. చెయ్యెత్తే పని వాళ్లకి అప్పగించండి. వాళ్లు నిద్రపోతుంటే ఆ పూటకి పలకరింపులు లేనట్టే.