చార్జ్ అంటే ప్రతిసారీ డబ్బు కాదప్పా: ఈ మాట ఎక్కడ కనపడితే ఎట్ల చదువుకోవాలి

పోయిన నెల కూడేరు పక్క నుంచి ఒక పెద్దాయన అనంతపురంలో మా జిరాక్స్ షాపుకి వచ్చినాడు, చేతిలో ప్లాస్టిక్ కవరు, దాంట్లో మూడు కాగితాలు. ఒకటి కరెంటు బిల్లు, ఒకటి బ్యాంకోళ్లు ఇచ్చింది, మూడోది వాళ్లావిడ ఆస్పత్రి కాగితం. మనవడు ఇంగ్లీషు కూడబలుక్కుని చదివి తాతా మూడింట్లోనూ చార్జ్ అని ఉండాది అన్నాడంట, అంతే ఈయనకి రాత్రంతా నిద్ర లేదు. "మొత్తం ఎంత కట్టల్లప్పా?" అని అడిగినాడు. చూస్తే కట్టాల్సింది ఒక్క కరెంటు బిల్లే. మిగతా రెండు కాగితాల్లో చార్జ్ అంటే డబ్బు కట్టమని కాదు. ఆయనకి చెప్పిందే ఇక్కడ రాస్తాండా, ఎవరికన్నా పనికొస్తుంది.

ముందు మన తెలుగులోనే ఒక గుర్తు ఉంది, మనం గమనించం. చివర దీర్ఘం ఉండి "చార్జీ", "చార్జీలు" అంటే దాదాపు ఎప్పుడూ డబ్బే, బస్సు చార్జీలు, కరెంటు చార్జీలు. "చార్జింగ్" అంటే ఫోనో బ్యాటరీనో. ఉత్త "చార్జ్" అంటే మాత్రం జాగ్రత్త, అది ఆఫీసు మాటో, కోర్టు మాటో, బ్యాంకు మాటో అయ్యుంటుంది. ఇంగ్లీషులో చార్జీకీ చార్జ్‌కీ తేడా ఉండదు, రెండింటికీ ఒకే స్పెల్లింగు, అందుకే కాగితం మీద చూస్తే తికమక.

రెండోది, నాకు బాగా పనికొచ్చేది. ఈ మాట పుట్టింది లాటిన్‌లో బండి అనే మాట నుంచి, కారు, కార్గో అనే మాటలూ ఆ బండి నుంచి వచ్చినవే. చార్జ్ చేయడం అంటే మొదట్లో బండికి సరుకెత్తడం, అంతే. కాబట్టి తెలియని చోట ఈ మాట కనపడితే ఇక్కడ బండి ఎవరు, ఎత్తిన బరువు ఏంది అని అడగండి. పదింట్లో ఎనిమిదిసార్లు దారి దొరుకుతుంది.

కరెంటు బిల్లుతో మొదలుపెడదాం. దాంట్లో ఫిక్స్‌డ్ చార్జీలు మీరు తీసుకున్న లోడుని బట్టి, ఎనర్జీ చార్జీలు కాల్చిన యూనిట్లని బట్టి, కస్టమర్ చార్జీలు కనెక్షన్ ఉన్నందుకు. ఎఫ్‌పీపీసీఏ అని ఇంకోటి ఉంటుంది, బొగ్గు ధర, బయట కొన్న కరెంటు ధర ముందు వేసుకున్న లెక్క కంటే పెరిగితే ఆ తేడా మన మీదకి తోస్తారు. ఇంట్లో ఫ్యాన్ కూడా వేయకుండా ఊరికి పోయినా బిల్లు ఎందుకొచ్చిందని గొడవపడే వాళ్లు ఈ మొదటి లైను చూసుకోండి, ఫిక్స్‌డ్ చార్జ్ కరెంటు కాల్చినందుకు కాదు.

బ్యాంకు కాగితంలో "చార్జ్ క్రియేటెడ్" అని ఉంటే మాత్రం పైసా కట్టమని కాదు. ఇక్కడ బండి మీ పొలం, బరువు మీ అప్పు. ఈ పొలం మీద మా అప్పు ఉంది, ఎవరన్నా కొనేముందు చూసుకోండి అని రాసుకోవడం. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 100వ సెక్షన్ దీని గురించే. తాకట్టుకీ దీనికీ తేడా ఏందంటే, తాకట్టులో ఆస్తి మీద కొంత హక్కు అప్పిచ్చినోడికి పోతుంది, ఉత్త చార్జ్‌లో హక్కు పోదు, ఆ ఆస్తి నుంచి బాకీ రాబట్టుకునే వీలు మాత్రం ఉంటుంది. మనోళ్లు చేసే పెద్ద తప్పు ఒకటుంది, లోను మొత్తం కట్టేసి ఇంటికొచ్చి పడుకుంటారు. చార్జ్ దానంతట అదే పోతుందనుకోవద్దు. బాకీ లేదని బ్యాంకు ఇచ్చే నో డ్యూస్ కాగితం తీసుకోండి, తర్వాత ఈసీలో (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపించే కాగితం), 1బీలో (రెవెన్యూ వాళ్ల భూమి రికార్డు) ఒకసారి చూసుకోండి, లేకపోతే పదేళ్ల తర్వాత పొలం అమ్మబోతే కొనేవాడు ఇదేందప్పా అంటాడు, అప్పుడు ఆ బ్యాంకు మేనేజరు యాడుంటాడో ఎవరికి తెలుసు.

ఆదోని పక్కోళ్లకి "రివర్స్ చార్జ్" అనే మాట చెవిన పడే ఉంటుంది. మామూలుగా జీఎస్టీ అమ్మేవాడు వసూలు చేసి కడతాడు. రైతు పత్తి తెచ్చి రిజిస్ట్రేషన్ ఉన్న మిల్లుకి అమ్మితే మాత్రం ఆ పన్ను కట్టే బాధ్యత మిల్లుదే. ఎత్తాల్సిన బండి మారింది, అందుకే రివర్స్. రైతు దగ్గర ఎవరన్నా రివర్స్ చార్జ్ అని పట్టుకోబోతే ఇది గుర్తుపెట్టుకోండి.

ఆఫీసుల్లో ఈ మాటతో తమాషా ఉంటుంది. "సారు చార్జ్ తీసుకున్నాడు" అంటే పూలదండ. "సారు చార్జ్ మెమో తీసుకున్నాడు" అంటే ఆరోజు ఎవరూ టీకి పిలవరు. మొదటిది పదవి బరువు, రెండోది ఆరోపణ బరువు. ఇంకోటి ఎఫ్ఏసీ, అంటే ఫుల్ అడిషనల్ చార్జ్, ఉన్న సీటు కాకుండా ఇంకో సీటు కూడా నెత్తిన పెట్టడం. ఈ సారు యాడుంటాడంటే ఆ ఆఫీసులో ఉన్నాడంటారు, అక్కడికి పోతే ఈ ఆఫీసులో అంటారు, అది వేరే కథ.

పోలీసు మాటలకొస్తే చార్జిషీటు వేశారంటే నేరం రుజువైనట్టు కాదు, దర్యాప్తులో మాకు ఇవి దొరికినాయి అని పోలీసులు కోర్టుకి ఇచ్చే రిపోర్టు అది. అసలు "చార్జ్" ఖరారు చేసేది కోర్టు, దాన్నే చార్జెస్ ఫ్రేమ్ చేయడం అంటారు. ఈ రెండూ కలిపేసి మాట్లాడతాం మనం. అరెస్టయి లోపల ఉన్న మనిషి మీద 60 రోజుల్లో, మరణశిక్ష, యావజ్జీవం, పదేళ్లు అంతకు మించి శిక్ష పడే పెద్ద నేరాలకైతే 90 రోజుల్లో చార్జిషీటు వేయకపోతే బెయిల్ అడిగే హక్కు వస్తుంది, అందుకే పేపర్లో ఆ రోజుల లెక్క అంత హడావిడిగా రాస్తారు. లాఠీచార్జికీ దీనికీ సంబంధం లేదు, అది మీదకి ఉరకడం. బ్యాట్స్‌మన్ స్పిన్నర్ని క్రీజు దాటి ముందుకొచ్చి కొడితే చార్జ్ చేశాడంటారే, అదే. ఇక్కడ నా బండి లెక్క కుంటుతుంది, ఒప్పుకుంటా.

పిల్లలు ఫిజిక్స్‌లో కూడా ఇక్కడే బోల్తా పడతారు. వెనకటికి ఫిరంగిలో మందు కూరడాన్ని చార్జ్ అనేవాళ్లు, క్వారీల్లో రాయికి బెజ్జం వేసి మందు పెట్టడాన్ని ఇప్పటికీ అదే అంటారు. 1740ల్లో కరెంటు మీద ప్రయోగాలు చేసిన బెంజమిన్ ఫ్రాంక్లిన్‌లాంటి వాళ్లు గాజు జాడీలో విద్యుత్తు నింపడానికి ఆ మాటే వాడినారు. మరి ఫోను ఫుల్ చార్జ్ అయితే బ్యాటరీలో చార్జ్ ఎంత అని పరీక్షలో అడిగితే? మొత్తం మీద సున్నా. ఒక పక్క నుంచి తీసిన ఎలక్ట్రాన్లు ఇంకో పక్కకి పోతాయి, లోపల దాచుకునేది శక్తి. డబ్బా మీద 5000 ఎంఏహెచ్ అని ఉండేది మాత్రం నిజంగా చార్జే, ఒక కొస నుంచి బయలుదేరి రెండో కొసకి చేరగలిగే చార్జ్, లెక్కేస్తే 18,000 కూలుంబులు (చార్జ్‌ని కొలిచే యూనిట్లు).

ఏసీ మెకానిక్ "గ్యాస్ చార్జ్ చేయల్ల సార్" అంటే గ్యాస్ నింపాలని. ఇది ప్రతి ఎండాకాలం వినపడేదే, కానీ ఏసీలో గ్యాస్ పెట్రోలు మాదిరి ఖర్చయ్యేది కాదు, మూసేసిన గొట్టాల్లో తిరుగుతుంది. తగ్గిందంటే ఎక్కడో లీకుంది. లీకు చూపించి మూసినాకే నింపమని చెప్పండి, లేకపోతే వచ్చే ఏడాదీ అదే పాట.

మా జిల్లాకి అన్నిటికంటే కావాల్సిన చార్జ్ ఇంకోటి, భూగర్భజలాల రీచార్జ్. ఇక్కడ బండి నేల, ఎత్తేది వాన నీళ్లు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపు పడే ఊళ్లు మావి. 100 చదరపు మీటర్ల మిద్దె ఉందనుకోండి, దాని మీద పడేదే 55,000 లీటర్లు, కొంత ఆవిరైనా, తడికి పోయినా ఇంకా చాలా మిగులుతుంది. గుంత తీసి అడుగున పెద్ద రాళ్లు, మీద కంకర, పైన ఇసుక, అంతే. ఇసుక మీద పేరుకున్న ఒండ్రు ఏడాదికొకసారి గీకేయండి, మొదటి వాన నీళ్లు బయటకి వదిలేయండి, మిద్దె మీది దుమ్మంతా దాంట్లోనే ఉంటుంది.

ఇక పెద్దాయన మూడో కాగితం. డిశ్చార్జ్ అంటే ఎత్తిన బరువు దించడం. ఆస్పత్రి నుంచి పంపడం, కోర్టు విచారణకి ముందే కేసు నుంచి తప్పించడం, బ్యాంకు అప్పు తీరినట్టు రాయడం, అన్నీ అదే. సుంకేసుల బ్యారేజీ గేట్లెత్తితే క్యూసెక్కుల్లో చెప్పేదీ డిశ్చార్జే, ఒక క్యూసెక్కంటే సెకనుకి 28 లీటర్ల పైచిలుకు. ఆయన మనవడు మాత్రం లోపల "నో డిశ్చార్జ్" అని ఉన్నది చూసి అవ్వని ఇంటికి పంపరు తాతా అన్నాడంట. అవ్వ అప్పటికి ఇంట్లోనే ఉంది! ఆ లైను మొత్తం చదివితే కుట్ల దగ్గర చీము కారడం లేదని, అంటే మంచి మాట. డాక్టర్ల కాగితంలో ఆ మాట చుట్టూ కుట్లు, చెవి, ముక్కు, కన్ను లాంటివి కనపడితే కారడం అని చదువుకోండి, తేదీ కనపడితే ఇంటికి పంపడం అని.

ఇదంతా చెప్తే పెద్దాయన కరెంటు బిల్లు ఒక్కటి తీసి పైజేబులో పెట్టుకోని, మిగతా రెండు కవర్లోకి తోసి, మనవడి నెత్తి మీద ఒకటి మొట్టి పోయినాడు.