కీచైన్‌లో సిరిమాను పట్టాలంటే

దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవం. అది అయ్యాక కొన్నాళ్లపాటు విజయనగరం గంటస్తంభం దగ్గరున్న మా ఫొటో షాపుకి ఫోన్లు పట్టుకుని వస్తూనే ఉంటారు. "ఇది కీచైన్‌లో పెట్టివ్వండి" అంటారు. చూస్తే కింద జనం, వెనక కోట, ఏటవాలుగా లేచిన చింతమాను (అదే సిరిమాను), దాని చివర పూజారి. అంతా అందులో ఇరికిస్తే పూజారి ఆవగింజంత కూడా కనబడరు. చిన్న వస్తువులో ఒక్కటే నిలుస్తుంది. ఆ ఒక్కటి ఏమిటో ముందే తేల్చుకోండి. మాను మొత్తం కావాలంటే కీచైన్ వద్దు, ఫ్రిజ్ మాగ్నెట్ చేయించుకోండి.

తేల్చుకున్నాక ఫొటో జోలికి పోకుండా ఖాళీ కీచైన్ తెరిచి, ఫొటో కూర్చునే గాడిని స్కేలుతో మిల్లీమీటర్లలో కొలవండి. ప్యాకెట్ మీద ఉన్నది బయటి అంచు కొలత కూడా కావచ్చు. మా దగ్గర ఎక్కువగా పోయే రకం 35×45, అంటే పాస్‌పోర్టు ఫొటో సైజే. చేతిలో పట్టుకుని చూసే బొమ్మకి అంగుళానికి 300 పిక్సెళ్లు, అంటే బొమ్మలోని చిన్న చుక్కలు, ఉంటే బాగుంటుంది. అంగుళమంటే 25.4 మిల్లీమీటర్లు. మీ కొలతను 25.4తో భాగించి 300తో గుణించండి. 35×45కి 413×531 పిక్సెళ్లు వస్తాయి. రెండున్నర అంగుళాల వెడల్పు, మూడున్నర అంగుళాల ఎత్తు ఉన్న మాగ్నెట్‌కైతే 750×1050.

ఫొటో ఒరిజినల్ ఫైలే కావాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే పిక్సెళ్లు తగ్గిపోతాయి, డాక్యుమెంట్‌గా పంపమనండి. దానికో కాపీ తీసి, కాపీ మీదే పని చేయండి. ఫొటో ఎడిటింగ్‌కి గింప్ గానీ ఫొటోపీ గానీ చాలు, రెండూ డబ్బులు కట్టకుండా వాడుకోవచ్చు. ముందు క్రాప్, తర్వాతే రీసైజ్. క్రాప్‌లో నిష్పత్తి 7:9కి (35×45 అంటే అదే) లాక్ చేసి, పూజారి చుట్టూ కాస్త ఆకాశం వదిలి కత్తిరించండి. ఇప్పుడు ఎన్ని పిక్సెళ్లు మిగిలాయో చూడండి. వెడల్పు 413కి పైన ఉంటే ఏ టెన్షనూ లేదు, ఆ సైజుకి తగ్గించేయండి. 200 మాత్రమే మిగిలితే అంగుళానికి 145 పడతాయి, బొమ్మ మసకగా వస్తుంది. అప్పుడు ఇంకొంచెం వెడల్పుగా కత్తిరించడమే మంచిది.

పిక్సెళ్లు పెంచే ఏఐ యాప్‌ల గురించి చాలామంది అడుగుతారు. మసకబారిన మొహానికి అవి తమకు తోచిన కన్నూ ముక్కూ గీసిపెడతాయి. పోయినవాళ్ల ఫొటోకి నేను వాటిని అస్సలు వాడను. పెళ్లి గుంపు ఫొటోలోంచి భర్తను లాకెట్‌లోకి తీయించుకున్న ఒక పెద్దావిడ, "మా ఆయన మొకం మా ఆయనలాగే ఉండాల బాబూ, మసగ్గా ఉంటే ఏటి?" అన్నారు. నా లెక్కలో ఆవిడ మాటే సరైనది.

సిరిమాను ఫొటోలు కిందినుంచి పైకి, ఆకాశం ఎదురుగా తీసినవి. మొహాలు నల్లగా పడతాయి. ఎడిటింగ్‌లో నీడ పడ్డ చోట్లను (షాడోస్) కొంచెం వెలుతురు చేయండి. పైగా కాగితం మీద ఫొటో మామూలుగా స్క్రీన్ కంటే ముదురుగానే వస్తుంది.

గుండ్రటి బ్యాడ్జికి లెక్క వేరు. కాగితం వెనక్కి మడతపడాలి కాబట్టి 58 మిల్లీమీటర్ల బ్యాడ్జికి అంతకన్నా పెద్ద వృత్తం కోయాలి. ఎంత పెద్దదో కట్టర్‌ని కొలిచి తెలుసుకోండి. అంచు దగ్గర పేరు రాయకండి, మడతలోకి పోతుంది.

ప్రింటుకి ఒక్కో బొమ్మా విడిగా ఇవ్వక్కర్లేదు. నాలుగు అంగుళాల వెడల్పు, ఆరు అంగుళాల పొడవు ఉన్న షీటు, అంటే 1200×1800 పిక్సెళ్ల మీద 35×45 బొమ్మలు పక్కకి తిప్పి పెడితే ఎనిమిది పడతాయి. అంచులకి ఆనించకండి, మెషిన్ కొంత కోసేస్తుంది. పక్కన సరిగ్గా 5 సెంటీమీటర్ల గీత ఒకటి పెట్టండి. ప్రింటయ్యాక ఆ గీతను కొలిస్తే సైజు మారిందో లేదో తెలిసిపోతుంది. మారిందంటే ప్రింట్ సెట్టింగ్‌లో 'ఫిట్ టు పేజ్' (బొమ్మను కాగితానికి సరిపెట్టేది) ఆన్‌లో ఉండి ఉండొచ్చు. దాన్ని తీసేసి 100 శాతం పెట్టి మళ్లీ తీయమనండి.

కోసేటప్పుడు స్టీలు స్కేలు, కొత్త బ్లేడు వాడండి. నాలుగు వైపులా ఒక వెంట్రుకవాసి లోపలికి కోస్తే ఫొటో గాడిలో ముడతపడకుండా కూర్చుంటుంది.