కొబ్బరితోటలో గోల్ఫ్ గ్రీన్ వేసుకోవాలంటే

అమెరికాలోని అగస్టా నేషనల్ అనే గోల్ఫ్ కోర్సు (ఆట మైదానం) ఒకప్పుడు మొక్కల నర్సరీ. గోల్ఫ్ ఆటగాడు బాబీ జోన్స్, కోర్సులు రూపొందించే అలిస్టర్ మెకంజీ అక్కడి చెట్లను, నేల వాలును వాడుకుంటూ దిద్దిన కోర్సు 1933లో మొదలైంది. పార్క్‌లాండ్ కోర్సు అంటే అదే, చెట్ల మధ్య పచ్చిక. చెట్లు మన కోనసీమలో బోలెడు. లేనిదల్లా వాలే.

మా అమలాపురం వైపు నల్లమట్టి నీళ్లు పట్టిందంటే వదలదు. అందుకే గ్రీన్ పని, అంటే బంతిని గుంటలోకి దొర్లించే పొట్టి పచ్చిక పని, అడుగు నుంచి మొదలెట్టండి. గుంత తవ్వి, బోదెలోకి వాలుగా చిల్లుల పైపు వేసి, దానిపై 10 సెంటీమీటర్ల కంకర, ఆపైన 30 సెంటీమీటర్ల ఇసుక పరవాలి. పెద్ద కోర్సుల గ్రీన్లకూ ఇంచుమించు ఇదే పద్ధతి. ఇసుకలో ఖర్చు తగ్గించుకుంటే మొదటి తుఫానుకే గ్రీన్ చెరువైపోతుంది. పైభాగం 10 మీటర్లకు 20 సెంటీమీటర్లు వాలితే చాలు. అంతకు మించితే బంతి ఆగదు, మా మనవడు అలుగుతాడు.

గడ్డికి విదేశాలు వెతకక్కర్లేదు. బెర్ముడా గ్రాస్ అంటే మన గరికే. కాకపోతే గ్రీన్‌కి టిఫ్‌డ్వార్ఫ్ లాంటి పొట్టి రకం మేలు. రీల్ మోవర్‌తో, అంటే కత్తెరలా కోసే గడ్డి యంత్రంతో, తరచూ కత్తిరించాలి.

బంతి పడే గుంటను కప్పు అంటారు, దాని వెడల్పు 108 మిల్లీమీటర్లు. ఇంటి ఆటకు 110 పైపు ముక్క సరిపోతుంది.

చెట్టు కింద మాత్రం గ్రీన్ వద్దు. నీడకు గరిక పలచబడుతుంది, కాయ పడితే తల పగులుతుంది. కాయల దింపు రోజున ఆట మానేయండి.