ఊరి చెరువును ఊరివాళ్లతోనే మ్యాపులోకి ఎక్కించండి

నెల్లూరు జిల్లా ఆత్మకూరు చుట్టుపక్కల పల్లెల్లో చెరువుల్ని ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఎక్కిస్తుంటాను. 2004లో మొదలైన ఈ మ్యాపును ఎవరైనా దిద్దొచ్చు, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. శాటిలైట్ బొమ్మ చూసి చెరువు అంచు గీయడం ఇంట్లో కూర్చుని చేసే పనే. కానీ ఏ తూము పనిచేస్తోందో, కలుజు (చెరువు నిండితే మిగులు నీళ్లు పొర్లిపోయే చోటు) పారితే ముందు ఎవరి చేను మునుగుతుందో ఆ బొమ్మ చెప్పదు.

మే నెలలో మొదలుపెట్టండి. చెరువు ఎండి ఉంటుంది కాబట్టి లోపలికి దిగి నడవొచ్చు. ఉపాధి పనికి పూడిక తీసేవాళ్లు పొద్దున్నే అక్కడే దొరుకుతారు. రచ్చబండ దగ్గర మీటింగ్ పెడితే పెద్ద తూము కింద పొలాలున్నవాళ్లే మాట్లాడతారు. కాలువ చివరి రైతునూ, గొర్రెలు కాసేవాళ్లనూ, చేపలు పట్టేవాళ్లనూ విడిగా కలవాల్సిందే. ఆడవాళ్ల మాట కావాలంటే డ్వాక్రా మీటింగుకి మీరే వెళ్లండి, వాళ్లని రమ్మనకండి.

ఇప్పటికే ఉన్న మ్యాపును ఫ్లెక్సీ షాపులో మనిషెత్తున ప్రింటు వేయించి పంచాయతీ ఆఫీసు అరుగు మీద పరవండి. మూలన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ కంట్రిబ్యూటర్ల పేరు ఉండాలి, అది లైసెన్సు షరతు. మార్కర్లు వాళ్ల చేతికిచ్చి మీరు పక్కన కూర్చోండి. "తూము అక్కడ కాదబ్బయ్యా, ఇంకా పైన" అని ఒకాయనంటే ఇంకొకాయన ఒప్పుకోడు. ఆపకండి, మనకు కావలసింది ఆ వాదనే.

ఏం పెట్టకూడదో కూడా అప్పుడే తేల్చుకోండి. నా లెక్కలో అసలు పని ఇదే. ఎవరి బోరు ఎక్కడుంది, వాగు పోరంబోకు ఎవరు దున్నుకున్నారు లాంటివి మ్యాపులో మనుషుల పేర్లతో రాయొద్దు. తర్వాత తీసేసినా పాత మార్పులు హిస్టరీలో ఉండిపోతాయి. కాలువ పూడిపోతే పూడిపోయినట్టే చూపించండి. హద్దుల తగాదా తెగాలంటే రెవెన్యూ రికార్డులే చూడాలి, మన గీత సాక్ష్యం కాదు. ఈ సంగతి మొదటిరోజే చెప్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

ఆ తర్వాతే ఫోనులో ఎక్కించడం. కాలువలు తెలిసిన పెద్దాయనతో ఒక కుర్రాణ్ణి జత చేసి నడిపించండి. తూము, కలుజు, పంట కాలువ, అన్నిటికీ ట్యాగులు (అది ఏమిటో మ్యాపుకు చెప్పే గుర్తులు) ఉన్నాయి. ఎండాకాలం ఎండే చెరువుకు 'ఇంటర్మిటెంట్' అని పెట్టాలి, లేకపోతే ఏడాది పొడుగునా నీళ్లున్నట్టు కనిపిస్తుంది. రెండు పల్లెలు ఒకే చెరువును రెండు పేర్లతో పిలిస్తే ఒకదాన్ని కొట్టేయొద్దు, 'ఆల్ట్ నేమ్' (ఇంకో పేరు)లో వేయండి. గూగుల్ మ్యాప్స్ చూసి కాపీ కొట్టడం మాత్రం కుదరదు, గూగుల్ లైసెన్సు ఒప్పుకోదు.

ఊళ్లో కనీసం ఇద్దరికి సొంత అకౌంట్లు తెరిపించండి. అకౌంటు పేరు లోకానికంతా కనిపిస్తుంది కాబట్టి ఫోన్ నంబరో ఇంటి పేరో వద్దు. నీటి సంఘంవాళ్లలో ఒకరుంటే మంచిదే, ఇద్దరూ వాళ్లే అయితే మాత్రం చివరి కాలువ మళ్లీ మ్యాపులో ఉండదు.

మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు లోపే. చెరువు నిండి కలుజు పారేటప్పుడు అదే ఫ్లెక్సీ పట్టుకుని వెళ్లి, నీళ్లు నిజంగా ఏ దారిన పోతున్నాయో చూసి దిద్దండి.