ఎల్‌ఈడీ దీపాలకు తగిన స్మార్ట్ డిమ్మర్‌ను ఎంచుకోవడం

స్మార్ట్ డిమ్మర్ (ఫోనుతో కూడా దీపపు వెలుగును తగ్గించి పెంచగలిగే స్విచ్చు) కొనే ముందు చూడవలసినది దీపాన్నే. పెట్టె మీద ‘డిమ్మబుల్’ (వెలుగు తగ్గించదగినది) అని స్పష్టంగా లేని ఎల్‌ఈడీ బల్బు, ఎంత ఖరీదైన డిమ్మర్ బిగించినా, మిణుకుమనవచ్చు లేదా త్వరగా పాడైపోవచ్చు.

మన ఇళ్లకు వచ్చే 230 వోల్టుల, 50 హెర్ట్జ్ విద్యుత్తు తరంగంలో కొంత భాగాన్ని కత్తిరించి డిమ్మర్ వెలుగును తగ్గిస్తుంది. ప్రతి అర్ధ తరంగపు మొదటి భాగాన్ని కత్తిరించే లీడింగ్ ఎడ్జ్ రకం ఫిలమెంట్ బల్బుల కోసం వచ్చినది కాగా, చివరి భాగాన్ని కత్తిరించే ట్రైలింగ్ ఎడ్జ్ రకంలో విద్యుత్తు ఒక్కసారిగా ఎగబాకదు గనుక ఎల్‌ఈడీలకు సాధారణంగా అదే అనువైనది. ఫ్యాను రెగ్యులేటరును దీపానికి కలపరాదు.

కనీస లోడును, అంటే డిమ్మర్ సరిగా పనిచేయడానికి దానికి కలిపిన దీపాలన్నీ కలిసి వాడవలసిన కనీస వాట్లను, చాలామంది పట్టించుకోరు, చిక్కంతా తరచుగా అక్కడే వస్తుంది. డిమ్మరుకు కనీసం 20 వాట్లు కావాలని రాసి ఉంటే, వరండాలోని రెండు 7 వాట్ల బల్బులు కలిసినా 14 వాట్లే కనుక వెలుగు తగ్గించినప్పుడు అవి వణుకుతాయి. గరిష్ఠ లోడుకు కూడా ఎల్‌ఈడీల కోసం విడిగా ఇచ్చిన అంకెనే చూడాలి.

అమలాపురం, భీమవరం ప్రాంతాల పాత పెంకుటిళ్లలో స్విచ్చు పెట్టెలోకి ఫేజు తీగ (విద్యుత్తు వచ్చే తీగ) మాత్రమే దిగి ఉండవచ్చు; చాలా స్మార్ట్ డిమ్మర్లకు న్యూట్రల్ (విద్యుత్తు తిరిగి వెళ్లే తీగ) కూడా అవసరం. అదే బోర్డులో ప్లగ్ సాకెట్ ఉంటే న్యూట్రల్ సాధారణంగా ఉంటుంది, అయినా ఎలక్ట్రీషియన్‌తో నిర్ధారించుకోండి. ఉప్పుగాలి తగిలే అంతర్వేది వైపు ఇళ్లలో లోపలి గోడకే బిగించాలి. ముందుగా ఒక్కటే కొని, మీ బల్బులతోనే, అతి తక్కువ వెలుగులో పరీక్షించిన తరువాతే మిగిలిన గదులకు తీసుకోండి.